పక్కన పెట్టిన చెంబు

మంగళగిరి,
9-11-1941

అన్నయ్యకు చెల్లెలు చౌడేశ్వరి నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నామని రాయడం అలవాటు గనక రాయబోయి ఆగాను. బాగాలేము. మీ బావకి కళ్ళు నెత్తికెక్కాయి.

పోయిన కార్తీక సోమవారం నాడు గుడి దగ్గర వీరభద్రయ్య పెదనాన్నగారు కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నారు. మన కులానికి పెద్ద. మీ బావ ఆయన పక్కనుంచే వెళ్తూ పలకరింపు లేదు సరికదా, ఆయన కాలు తొక్కి మరీ వెళ్ళిపోయారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇంట్లోనూ ఇదే వరస. మా అత్తగారు భద్రమ్మగారి రాట్నం రెండుసార్లు తన్నారు. గుమ్మంలో నేను నుంచుంటే గుద్దుకుని పోతారు. ఆ పైన ఒక్క మాట ఉండదు.

"మీకు కళ్ళు కనపడటం లేదా ఏమిటి?" అని అడిగేశాను. ఆయన నవ్వి, మగ్గం గుంటలో కూర్చుని, వెంట్రుకలాంటి ఎనభయ్యో నంబరు పోగు నా ఎదుటే తెంపి, ముడి కనపడకుండా అతికి చూపించారు. నువ్వు మగ్గం వదిలేసి కంటి డాక్టరు దగ్గర మందు సీసాలు పట్టుకున్నా నేతగాడి కొడుకువే. ఆ పోగు అతికినవాడి కంటికి వంక పెట్టేవాళ్ళు మనలో లేరు. నాన్న నన్నిచ్చేటప్పుడు కూడా పెళ్ళిచూపుల్లో ఆ పోగు అతికించుకునే కదా సంబంధం ఖాయం చేసింది!

కనక ఇది కంటి జబ్బు కాదు. పొగరన్నా కావాలి, కల్లన్నా కావాలి. నోటి దగ్గర వాసన చూశాను, రాలేదు. లవంగాలు నములుతున్నారేమో. పట్నంలో నలుగురినీ చూస్తున్నవాడివి, ఏం చెయ్యాలో రాయి.

నీ చెల్లెలు
చౌడేశ్వరి


గవర్నర్‌పేట, బెజవాడ,
15-11-1941

చెల్లెలు చౌడేశ్వరికి అన్న సాంబమూర్తి దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి ఆశ్చర్యపోలేదు. నీకు చెప్పకూడదనుకున్న సంగతి ఒకటుంది, ఇక చెప్పేస్తాను.

పోయిన నెల రామలింగం బావ చీరలు పట్టుకుని ఇక్కడ హనుమయ్యగారి కొట్టుకి వచ్చాడు. కబురు తెలిసి, నేనే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని వెళ్ళి, ఎడమ పక్కన నుంచున్నాను. ఇటు తిరుగుతాడు గదా, ఇద్దామని. తిరగలేదు. మాటలయ్యాక మూట ఎత్తుకుని లేస్తూ మోచేత్తో గ్లాసుని కొట్టాడు. కాఫీ అంతా నా తెల్ల చొక్కా మీద. "తప్పయిందండీ" అని చెప్పి తల తిప్పకుండా వెళ్ళిపోయాడు. దారినపోయే దానయ్యతో అన్నట్టు నన్ను అండీ అన్నాడు! కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఇప్పటికీ ఆ వీధిలో నన్ను కాఫీ కాంపౌండరు అంటున్నారు.

కంటి జబ్బేమో అన్న అనుమానం పెట్టుకోకు. డాక్టర్ వెంకటసుబ్బారావుగారి దగ్గర రోజుకి ఎన్ని కళ్ళు చూస్తున్నానో నీకు తెలుసా? శుక్లమైతే కనుపాప తెల్లబడుతుంది. బావ కనుపాప నల్లద్రాక్షపండులా నిగనిగలాడుతోంది. అది ఆరోగ్యమైన కన్ను, అహంకారం ఉన్న మనిషి.

కావాలంటే నువ్వే పరీక్ష పెట్టు. ఆయన నడిచే దారిలో, కాళ్ళకి సూటిగా కాకుండా జానెడు పక్కగా నీళ్ళ చెంబు పెట్టు. అది తన్నాడంటే కావాలని తన్నినట్టే. తన్నినప్పుడల్లా నలుగురికీ చెప్పు. సిగ్గు వస్తే తనే దారికొస్తాడు.

నీ మంచి కోరే అన్న
సాంబమూర్తి


మంగళగిరి,
18-1-1942

అన్నయ్యకు,

నువ్వు చెప్పినట్టే పెట్టాను. మొదటి రోజే తన్నారు. నీళ్ళన్నీ పోయాయి. వంగి, చెంబు తడుముకుని తీసి గూట్లో పెట్టారు. మర్నాడు మళ్ళీ పెట్టాను, మళ్ళీ తన్నారు. పది రోజుల్లో ఏడుసార్లు, అన్నయ్యా. ఒకసారి బొటనవేలు గోరు లేచిపోయి నెత్తురు కారింది. నాకు జాలి వెయ్యలేదని అబద్ధం రాయను. కానీ కావాలని చేసేవాడి మీద జాలేమిటని మనసు గట్టి చేసుకున్నాను.

సాయంత్రాలు నుదురు నెప్పి అంటారు, దీపం చుట్టూ రంగుల చక్రాలు కనపడుతున్నాయంటారు. "ఏ కల్లు తాగితే అన్ని రంగులొస్తాయో?" అన్నాను. అప్పటినుంచి ఆ మాట ఎత్తడం మానేశారు.

ఇంతలో వీరభద్రయ్య పెదనాన్నగారు గుడి అరుగు మీద పెద్దల్ని కూర్చోబెట్టి మీ బావని పిలిపించారు. ఆయన వెంటనే, "కనపడలేదు, క్షమించండి" అన్నారు. పెదనాన్నగారు ఎనభయ్యో నంబరు పోగు రెండు ముక్కలు చేసి చేతిలో పెట్టారు. మీ బావ అలా నిలబడే, రెప్ప వాల్చే లోపల అతికి ఇచ్చేశారు. అది చేతినుంచి చేతికి అరుగంతా తిరిగింది. అతుకు ఎక్కడుందో ఒక్కరు కూడా పట్టుకోలేకపోయారు.

"ఇంత చూపు పెట్టుకుని కనపడలేదంటావురా?" అన్నారు పెదనాన్నగారు. ఇంటింటికీ వెళ్ళి గడప ముట్టుకుని తప్పయిందని చెప్పాలన్నారు. మీ బావ వెళ్ళారు. మన వీధిలో గడపలు ఎత్తుగా ఉంటాయని నీకు తెలుసుగా. నాలుగిళ్ళలో బోర్లా పడ్డారు. దండం కాదు, పొర్లుదండం పెడుతున్నాడని ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.

ఇప్పుడు బుద్ధిగానే ఉన్నారు. మగ్గం దిగితే గోడ పట్టుకుని నడుస్తారు. అది కూడా నటనే అంటారు మా అత్తగారు.

చౌడేశ్వరి


గవర్నర్‌పేట,
12-2-1942

చెల్లెలికి,

భలే పని చేశారు పెద్దలు. చదివి మా వాళ్ళకి కూడా చెప్పాను.

ఇక్కడొక తమాషా రాస్తాను, కాలక్షేపానికి పనికొస్తుంది. చల్లపల్లి నుంచి రత్తయ్య అనే రైతు వచ్చాడు. బండి తోలుతూ రెండుసార్లు ఎడ్లతో సహా కాలవలోకి దింపాడట. అయినా అడిగితే చూపు బ్రహ్మాండంగా ఉందంటాడు. చేతిలో బియ్యం పోస్తే అందులోని మట్టిగడ్డ ఏరి చూపించాడు! మా డాక్టరుగారు ఎదురుగా కూర్చుని, "నా ముక్కు మీదనుంచి చూపు తిప్పకు, నా వేళ్ళు కనపడగానే చెప్పు" అని, రెండు చేతులూ బార చాపి వేళ్ళు ఆడిస్తూ దగ్గరికి తెచ్చారు. తెచ్చారు, తెచ్చారు, ముక్కు దాకా తెచ్చారు. అప్పుడు "ఆ, ఇదిగో వేలు" అన్నాడు మహానుభావుడు. మేమంతా విరగబడి నవ్వాం.

డాక్టరుగారు తరవాత నాకు విడమరిచి చెప్పారు. కంట్లోపల ఎప్పుడూ కాస్త నీరు ఊరుతూ ఉంటుందిట. ఏడిస్తే వచ్చే నీరు కాదు, అది వేరు. నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే మూల ఆ నీటికి సన్నటి తూము ఉంది. ఊరినంతా ఊరినట్టే ఆ తూములోంచి పోవాలి. తూము పూడిందంటే నీరు నిలిచి, కన్ను రాయిలా బిగిసి, వెనకనున్న నరాన్ని నొక్కేస్తుంది. మురుగు పోని చేను గట్ల వెంబడి కుళ్ళుకుంటూ లోపలికి వచ్చినట్టు చూపు అంచులనుంచి చచ్చిపోతూ వస్తుంది. నడిమధ్య చూపు ఆఖర్న పోతుంది. దీన్ని నీటికాసులంటారు. పోయింది తిరిగి రాదు. ఆపరేషను చేసి నీటికి దారి చేస్తే మిగిలింది నిలుస్తుంది. రత్తయ్యకి వచ్చే వారం చేస్తున్నారు.

చూశావా, మీ అన్న ఎంత నేర్చుకున్నాడో!

సాంబమూర్తి


మంగళగిరి,
6-3-1942

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

తిరునాళ్ళ జనం వెళ్ళిపోయాక మీ బావని ఎదురుగా కూర్చోబెట్టి, "నా ముక్కు చూడండి" అన్నాను. "నీ ముక్కు పెళ్ళిలోనే చూశాను" అన్నారు. చాలా రోజులైంది ఆయన నాతో హాస్యమాడి. చేతులు రెండూ చాపి వేళ్ళు ఆడించడం మొదలుపెట్టాను. భుజాల దాకా తెచ్చాను. చెవుల దాకా తెచ్చాను. నా చేతులు నా చెంపలకి తగులుతున్నాయి అన్నయ్యా, అప్పుడు ఆయన అడిగారు, "ఇంకా మొదలుపెట్టవేం?" అని.

మగ్గం ముందు కూర్చున్నవాడికి ఎదురుగా ఉన్న జానెడు గుడ్డ కనపడితే చాలు. ఆయనకి మిగిలింది ఆ జానెడే. నేను చెంబు పెట్టింది ఆ జానెడు అవతల. నువ్వు కాఫీ పట్టుకుని నుంచున్నదీ అక్కడే.

నీ కాళ్ళు పట్టుకుంటాను. డాక్టరుగారితో చెప్పు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు పంపిస్తాను.

చౌడేశ్వరి


గవర్నర్‌పేట,
14-3-1942

చెల్లెలికి,

నువ్వు వెర్రిదానివి. నా ఉత్తరం ఆయన ఎదట చదివి ఉంటావు. కథ తెలిసినవాడికి వేలు కనపడలేదని చెప్పడం ఎంతసేపు? పెద్దల ముందు పడిన అవమానం కడుక్కోవడానికి ఇదొక దారి.

నేను పంతం పట్టే మనిషిని కాను. ఉగాది పోయాక ఏప్రిల్ నాలుగో తేదీ శనివారం పంపించు. ముందు తిన్నగా హనుమయ్యగారి కొట్టుకి రావాలి. ఎవరి ముందు నన్ను నవ్వులపాలు చేశాడో వాళ్ళ ముందు, "బావా, తప్పయింది" అని నోరారా అనాలి. ఆ మరుక్షణం నేనే చెయ్యి పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తాను. అంతవరకు డాక్టరుగారి చెవిన వెయ్యను.

సాంబమూర్తి


గవర్నర్‌పేట,
4-4-1942

చెల్లెలికి,

నీ భర్త వచ్చాడు, పోయాడు. అంతా అయిపోయింది.

నేను కొట్లోనే ఉన్నాను. నిజం తేలాలని ఆయన ఎడమ పక్కన, సరిగ్గా కిందటిసారి నుంచున్న చోటే, చప్పుడు చెయ్యకుండా నుంచున్నాను. నేనున్నానని చెప్పవద్దని హనుమయ్యగారితో ముందే చెప్పాను. మీ ఆయన బల్ల మీదున్న చీర అంచు పట్టుకుని చూసి, "ఇది మా మగ్గం మీదది కాదు" అన్నాడు. అంచులో పోగు కనపడుతుంది గానీ ఆరడుగుల బావ కనపడడు! ఎంతసేపు చూసినా తల ఇటు తిప్పలేదు. మధ్యలో నేను భోజనానికి వెళ్ళి వచ్చి మళ్ళీ నుంచున్నాను. పెట్రోమాక్సు వెలిగించే వేళకి నాకు విసుగెత్తి వెళ్ళిపోయాను.

ఇక నన్ను అడగకు.

సాంబమూర్తి


మంగళగిరి,
9-4-1942

అన్నయ్యా,

నువ్వు పక్కనే ఉన్నావా?

నువ్వు కనపడగానే తప్పయిందని చెప్పమని పంపాను, దేనికో చెప్పలేదు. ఆయన పొద్దుటినుంచీ మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నారు. లేచి వెళ్తే ఆ కాస్తలో నువ్వు వచ్చి పోతావేమోనని. "మా బావ వచ్చాడా?" అని హనుమయ్యగారిని మూడుసార్లు అడిగారట. మూడుసార్లూ లేదన్నాడట. వెనకాల ఎవరో నవ్వుతున్నారు, ఎందుకో తెలీలేదు అన్నారు. ఇంటికొచ్చి, "పాపం, బావకి పని తెమిలి ఉండదు" అన్నారు. నీ ఉత్తరంలో ఏముందో నేను చెప్పలేదు.

నువ్వు నా తోడబుట్టినవాడివి గనక నోటికొచ్చింది రాయకుండా కలం ఆపుతున్నాను. నీ చొక్కా మీద కాఫీ పడినందుకు నేను వచ్చి ఆ వీధి ఊడుస్తాను. డాక్టరుగారికి ఒక్కసారి చూపించు. రోజురోజుకీ ఆ జానెడూ బెత్తెడవుతోంది.

చౌడేశ్వరి


గవర్నర్‌పేట,
16-4-1942

చెల్లెలికి,

నువ్వు రాసింది చదివాక నాకూ మనసు కలుక్కుమంది. కానీ ఇప్పుడు డాక్టరుగారు లేరు. కాకినాడ మీద, విశాఖపట్నం మీద జపానువాళ్ళు బాంబులు వేశారని వినే ఉంటావు. బెజవాడలో సగం జనం బళ్ళు కట్టుకుని పల్లెలు పట్టారు. డాక్టరుగారూ డిస్పెన్సరీకి తాళం వేసి, సంసారాన్ని తీసుకుని చల్లపల్లి వైపు వెళ్ళిపోయారు. ఎప్పుడొస్తారో తెలీదు. తాళంచెవి నా దగ్గరుంది.

అందుకని నేనే ఒక ఉపాయం చేశాను. రైల్వేలో పనిచేసే అంతోని ఈ ఉత్తరంతోపాటు నీకొక చిన్న సీసా ఇస్తాడు. కంటి లోపల చూడాలన్నప్పుడు డాక్టరుగారు వేసే చుక్కలు ఇవి. వేసిన కాసేపటికి కనుపాప ఇంత వెడల్పున తెరుచుకుంటుంది. జబ్బేమో నీరు నిలవడం. తలుపు బార్లా తెరిస్తే నిలిచిన నీరు పోదూ? ఎన్నాళ్ళుగానో చూస్తున్నవాణ్ణి, ఆ మాత్రం తెలీదా నాకు. పూటకి రెండు చుక్కల చొప్పున మూడు పూటలూ వెయ్యి. చూశావా, మీ అన్న మనసులో ఏదీ పెట్టుకోడు.

సాంబమూర్తి


మంగళగిరి,
27-4-1942

అన్నయ్యకు,

అంతోని సీసా ఇచ్చాడు. కళ్ళకద్దుకుని, దేవుడి దగ్గర పెట్టి, శుక్రవారం పొద్దున వెయ్యడం మొదలుపెట్టాను. నువ్వన్నట్టే నల్లపాప పెద్దదైంది. "మీ అన్నయ్య మంచివాడే" అన్నారు మీ బావ. ఆ మాటకి నాకు ఎంత సంతోషమేసిందో.

మూడో రోజు మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్నవారు తల పట్టుకుని కూలబడ్డారు. వాంతులు. కళ్ళు రెండూ చింతనిప్పులు. రెప్ప మీద వేలు పెడితే లోపల గుడ్డు గచ్చకాయలా గట్టిగా ఉంది. ఎండదెబ్బని మజ్జిగ పోశాను. మా అత్తగారు నందివర్ధనం పూలు తెచ్చి కళ్ళ మీద వేసి కట్టారు. పోనీ మందు పట్టు చూపిస్తోందేమోనని నేను పూటకి నాలుగేసి చుక్కలు వేశాను. ఆ కేకలు అటు వీధికీ వినపడ్డాయి.

ఇవాళ నెప్పి తగ్గింది. పొద్దున ఆ పూలు తీశాను. "తలుపులు ఎందుకు మూశావే?" అని అడిగారు. తలుపులు తీసే ఉన్నాయి. ఎండ ఆయన ఒళ్ళో పడుతోంది.

సీసాలో ఇంకా సగం మందుంది. వెయ్యనా, ఆపనా? వెంటనే రాయి.

చౌడేశ్వరి


గవర్నర్‌పేట,
21-5-1942

చౌడేశ్వరికి,

వెయ్యకు. ఒక్క చుక్క కూడా వెయ్యకు.

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందని అడగకు. డాక్టరుగారు నిన్ననే వచ్చారు. ఎవరో పరాయివాళ్ళ సంగతిలా అడిగాను. బల్ల మీద గుద్ది, "ఏ హంతకుడు వేశాడా చుక్కలు?" అన్నారు. కనుపాప తెరుచుకుంటే దాని చుట్టూ ఉన్న నల్లతెర మడతపడి మూలకి జరిగి, ఆ కాస్త తూమునీ మూసేస్తుందిట. నీరు పోయే దారి కనుపాప కాదుట. వెయ్యవలసింది కనుపాపని చిన్నది చేసే చుక్కలుట. అవీ మా దగ్గర ఉన్నాయి. నేను పంపిన సీసా పక్కనే ఉన్నాయి చెల్లీ, అదే అరలో, దానికి ఆనుకుని.

వారం లోపల తెచ్చి ఉంటే ఏదైనా చేసేవాణ్ణన్నారు. ఇప్పుడు చేసేదేమీ లేదన్నారు.

ఒక్కటి బతిమాలుకుంటున్నాను. ఆ సీసా పగలగొట్టి కాలవలో పారెయ్యి. ఈ ఉత్తరం చించెయ్యి. నా ఉద్యోగం పోతే నాకు మగ్గం పని కూడా రాదు. బావకి మాత్రం చెప్పకు. జరిగిందేదో జరిగింది, దేవుడు రాసిన రాత.

సాంబమూర్తి


మంగళగిరి,
2-6-1942

అన్నయ్యకు చౌడేశ్వరి రాసేది.

దేవుడు రాయలేదు. నువ్వు చెప్పావు, నేను చేశాను. పది రోజులు ఆ చెంబు పెట్టిన చెయ్యీ ఇదే, నాలుగేసి చుక్కలు వేసిన చెయ్యీ ఇదే. దీంతోనే ఆయనకి అన్నం కలిపి పెడుతున్నాను.

వీరభద్రయ్య పెదనాన్నగారు చూడవచ్చారు. నమ్మకం కుదరక, ఒక పోగు తెంపి ఆయన వేళ్ళ మధ్య పెట్టారు. మీ బావ గోడకేసి తిరిగి కూర్చున్నవారు కూర్చున్నట్టే అతికి ఇచ్చేశారు. అతుకు కనపడలేదు. పెదనాన్నగారు ఆ పోగు చేత్తో పట్టుకునే వెళ్ళిపోయారు. మీ బావ ఎన్నడూ కళ్ళతో అతకలేదన్నయ్యా. వేళ్ళతో అతికారు. నాన్న పెళ్ళిచూపుల్లో చూసిందీ, గుడి అరుగు మీద పెద్దలంతా చూసిందీ వేళ్ళనే. ఇంతమంది నేతగాళ్ళం, ఒక్కళ్ళకి కూడా తట్టలేదు.

నిన్న చెంబు ఇస్తుంటే, "ఇది నువ్వే పెట్టేదానివి కదూ?" అన్నారు. "రోజూ ఒక్క చోటే ఉండేది. ఎందుకు పెడుతున్నావో అడుగుదామనుకున్నాను. కోపంలో ఉన్నావని ఊరుకున్నాను" అన్నారు. తిట్టినా బాగుండేది.

సీసా పగలగొట్టలేదు. మందు పారబోసి, కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి ఉంచాను. పొద్దున్నే లేచి, "బావ పంపిన మందు వెయ్యి" అని మొహం ఎత్తి కూర్చుంటారు. వేస్తున్నాను. చల్లగా ఉందంటారు. నిన్నటికన్నా వెలుతురు తెలుస్తోందంటారు. నీ సంగతి చెప్పలేదు. నిన్ను కాపాడటానికి కాదు. ఆయనకి మిగిలిన ఆ ఒక్క ఆశ తియ్యడానికి నాకు చేతులు రాలేదు, అంతే.

కాఫీ ఒలికిన సంగతి మాత్రం చెప్పాను. "ఆ రోజు మోచెయ్యి తగిలింది బావకా!" అని ఎంత బాధపడ్డారో. నీకు స్వయంగా తప్పయిందని చెప్పుకోవాలట. ఒక్కసారి రమ్మని రాయమన్నారు. అందుకే రాస్తున్నాను, లేకపోతే రాసేదాన్ని కాదు.

వచ్చి ఆయన మాట విని వెళ్ళు. ఇదివరకటిలా చప్పుడు చెయ్యకుండా రావచ్చు. ఈసారి ఎటు పక్కన నుంచున్నా ఒకటే.

చౌడేశ్వరి